తొంభై రోజుల అన్నయ్యగారు

ఆయన అసలు పేరు నా చేత్తోనే పదహారు సార్లు రిజిస్టర్లో రాశాను. ఇప్పుడు చెప్పమంటే మాత్రం తడుముకుంటాను. తప్పు ఆయనది కాదు, నా పద్ధతిదే. మా ఇంట్లో దిగేవాళ్లని నేను పేర్లతో గుర్తుపెట్టుకోను, రోజులతో గుర్తుపెట్టుకుంటాను. రెండో గదిలో మూడు రోజులావిడ, ఐదో గదిలో వారం రోజుల జంట, పై అంతస్తులో ఒక్కపూట స్నేహితులు. పేరు నోరు తిరిగేలోపు మనిషి వెళ్లిపోతాడు, ఇంకెందుకా శ్రమ? అలా ఏడో గదాయన తొంభై రోజులాయన అయ్యాడు.

మా ఇల్లు అన్నాను గానీ అది మా ఇల్లు కాదు. ఒకప్పుడు అందులో అద్దెకుండేవాళ్లం, ఇప్పుడు పనిచేస్తున్నాం. మూడంతస్తుల మేడ. నేను కాపురానికొచ్చేనాటికి ఆరు కుటుంబాలుండేవి. ఇప్పుడు పదకొండు గదులున్నాయి, కుటుంబం అనేది ఒక్కటీ లేదు. మీరున్నారు కదా అనొచ్చు. మేమున్నది మెట్ల కింద. అక్కడ ఒక మంచం, ఒక పొయ్యి, అరచేతంత కిటికీ పడతాయి. నేనూ మా ఆయనా పక్కకి తిరిగి నడిస్తే మేమూ పడతాం. ఆ ఏడో గది ఒకప్పుడు మా వంటిల్లు. మా అత్తగారు నన్ను మొదటిసారి తిట్టింది ఆ కిటికీ పక్కన నిలబెట్టే. ఇప్పుడు వచ్చినవాళ్లు అదే కిటికీ పక్కన నిలబడి ఎంత ప్రశాంతంగా ఉందో అని ఫొటోలు దిగుతుంటే నాకు నవ్వాలో ఏడవాలో తెలియదు.

మా వీధి కూడా అంతే. చెప్పులు కుట్టే కొట్టు ఇప్పుడు టూరిస్టుల పెట్టెలు దాచిపెట్టే చోటయింది. పిండిమర కాఫీ కొట్టయింది. మరలోని ఇనపచక్రాన్ని తోమి, రంగేసి, గోడకి తగిలించారు. మందుల షాపాయన మాత్రలు మానేసి ఫ్రిజ్‌కి అంటించే అయస్కాంతం బొమ్మలు అమ్ముకుంటున్నాడు. తలనొప్పి వస్తే నాలుగు వీధులు నడవాలి. తలనొప్పి రావడానికి మాత్రం ఎక్కడికీ వెళ్లక్కర్లేదు, పొద్దున్నుంచీ రాళ్ల మీద గడగడమంటూ చక్రాల పెట్టెలు పోతూనే ఉంటాయి. నేను మేడ మీద దుప్పట్లు ఆరేస్తే ఎదురింటి డాబా మీంచి ఫొటోలు తీస్తారు. ఆ దుప్పట్లు వాళ్లు కప్పుకుని విడిచినవే అని వాళ్లకి తట్టదు.

మేడ యజమాని మంచాన పడ్డాక వ్యవహారమంతా ఆయన అల్లుడిది. అందరం అల్లుడుగారనే అంటాం. ఆయన నాకు మొదటిరోజే పాఠం చెప్పాడు. "మనం గదులివ్వట్లేదమ్మా, అనుభూతి ఇస్తున్నాం." సరే బాబూ అన్నాను. ఆ అనుభూతికి పక్కలు వేసేదీ, బూజు దులిపేదీ, పారిన నీళ్లు తుడిచేదీ నేనే కాబట్టి అంతకంటే అనలేను.

తొంభై రోజులాయన మొదటిసారి వచ్చినప్పుడు వీపు మీద ఒక్క సంచి. చక్రాలు లేవు. దాంతోనే నాకు సగం నచ్చాడు. యాభై ఎనిమిదేళ్లుంటాయి. తాళం చేతికిస్తే అందరూ అడిగే ప్రశ్న అడగలేదు. ఇక్కడ చూడాల్సినవేమున్నాయి అనకుండా, "చెప్పు తెగింది, ఎక్కడ కుట్టిస్తారు?" అన్నాడు. నాలుగేళ్లలో ఆ మాట అడిగినవాడు ఆయనొక్కడే. ఆ కొట్టులో ఇప్పుడు పెట్టెలు పెడుతున్నారని చెబితే కాసేపు నవ్వాడు, తర్వాత నవ్వు ఆపేసి నావైపు చూశాడు. ఆ సాయంత్రం నేనే సూదీ దారం పట్టుకుని ఆ చెప్పు కుట్టాను.

ఆయన మా దేశం మనిషి కాదు. మా మాట మా దగ్గరే నేర్చుకున్నాడు, నా దగ్గరా, మా ఆయన దగ్గరా, మలుపులో కూరలమ్మే ఆవిడ దగ్గరా. కూరలావిడ చలవేమో, మొదటి నెలలో అల్లుడుగారిని పట్టుకుని "ఏరా, నీళ్లు రావట్లేదు" అన్నాడు. నాకు వారం రోజులు కడుపు నిండినట్టుంది. ఆ తర్వాత మర్యాదలు నేర్పించాం. నేను అన్నయ్యగారూ అన్నాను, ఆయన చెల్లెమ్మా అన్నాడు. నేను అన్నయ్యగారూ అన్న పాపానికి మా ఆయనకి బావగారయ్యాడు, ఇక మా ఆయన వేళాకోళాలకి అంతు లేదు.

మా ఆయన గైడు. జనాన్ని వెంటేసుకుని వీధులు తిప్పుతాడు. మా వీధి చివర మున్సిపాలిటీ వాళ్లు కట్టిన సిమెంటు తొట్టి ఉంది. దాన్ని చూపించి, యుద్ధం నుంచి పారిపోయి వచ్చిన సేనాపతి గుర్రం ఇక్కడే ఆఖరి నీళ్లు తాగి ప్రాణం విడిచిందని చెప్తాడు. ఆడవాళ్లు కళ్లు తుడుచుకుంటారు. తొట్టి కట్టినప్పుడు ఇసక మోసింది మా మామగారే. ఎందుకయ్యా ఆ అబద్ధాలు అంటే, "సిమెంటు తొట్టి అని నిజం చెప్తే ఎవడు ఆగుతాడే? ఆగకపోతే మనమేం తింటాం?" అంటాడు.

అన్నయ్యగారు మాత్రం ఈ విషయంలో మండిపడేవాడు. ఆయనకి టూరిస్టులంటే ఒళ్లు మంట. పొద్దున్నే టీ గ్లాసు పట్టుకుని మెట్ల మీద కూర్చుని అందరినీ దులిపేసేవాడు. వీళ్లు ఊరిని చూడరు, ఊరి ముందు తమని చూసుకుంటారు అనేవాడు. మూడు రోజుల్లో మూడు ఊళ్లు తిరిగి ఇంటికెళ్లి మనుషుల గురించి ఉపన్యాసాలిస్తారు అనేవాడు. వీళ్ల కోసం ఊళ్లన్నీ ఒకే కాఫీ కొట్టులా తయారవుతున్నాయి అనేవాడు. అన్నీ సబబే. నేను చీపురు ఆపి వినేదాన్ని. కానీ ఆయన బతుకుతెరువేమిటి? కంప్యూటర్ ముందు కూర్చుని, ఫలానా ఊళ్లో తప్పక చూడాల్సిన పది చోట్లు అని టూరిస్టుల కోసమే రాయడం. ఒకసారి అడిగేశాను.

"మీరు రాస్తేనే కదా అన్నయ్యగారూ వాళ్లొచ్చేది?"

"మన ఊరి గురించి ఒక్క ముక్క కూడా రాయలేదు చెల్లెమ్మా. ఒట్టు."

"మరి మిగతా ఊళ్లలో చెల్లెళ్లు లేరా?"

ఆయన టీ తాగేశాడు, గ్లాసు కడిగి పెట్టాడు, గదిలోకి వెళ్లాడు. నేను అన్నది తప్పో ఒప్పో ఈనాటికీ తేల్చుకోలేదు. పైగా "మన ఊరు" అన్నాడు కదా, ఆ మాటకి కరిగిపోయి మధ్యాహ్నం ఇంకో టీ పెట్టిచ్చాను.

పందొమ్మిదేళ్లుగా ఆయనకి ఇల్లంటూ లేదు. ఒక దేశంలో మూడు నెలలు, ఇంకోచోట ఆరు నెలలు. ఎందుకు బయల్దేరారు అని నేనడిగినప్పుడు, ఉద్యోగం పోయిందన్నాడు. మా ఆయన అడిగితే, భార్య వేరే పెళ్లి చేసుకుందన్నాడు. కూరలావిడతో, నెల రోజులు సెలవు పెట్టి బయల్దేరాను, తిరిగి వెళ్లడం మర్చిపోయాను అన్నాడట. ముగ్గురం కూర్చుని ఏది నిజమని పోల్చుకున్నాం. మూడూ నిజమే కావచ్చు. ఒక్కటీ కాకపోవచ్చు. కూరలావిడ మాత్రం ఆయనకి ఎక్కడో కూతురుంది అని తేల్చేసింది. ఎలా తెలుసే అంటే, పిల్లలున్నవాళ్లే పండ్లు అలా నొక్కి చూసి కొంటారంది.

మంచివాడా అంటే మంచివాడే. నా మణికట్టు విరిగినప్పుడు రెండు నెలలు తడి దుప్పట్ల బకెట్లు మేడ మీదికి మోశాడు. నేను వద్దంటున్నా వినలేదు. ఇంకోవైపు, మా ఆయనకి ఆపరేషన్ జరిగిన రోజున ఆస్పత్రిలో తోడుంటానన్న మనిషి, ఆ పొద్దున్నే సంచి తగిలించుకుని బస్సెక్కాడు. అది ఆయన తొంభయ్యో రోజు. దాటితే నేరం. నాకు తెలుసు, అర్థమైంది, అయినా ఆస్పత్రి బల్ల మీద ఒంటరిగా కూర్చున్నప్పుడు అరికాలి మంట నెత్తికెక్కింది. కూరలావిడ కూతురి పెళ్లికీ అంతే, మందుల షాపాయన తల్లి పోయినప్పుడూ అంతే. మనిషి అవసరమైన రోజే ఆయనకి తొంభయ్యో రోజు పడేది. ఆయన కావాలని చేశాడనను. అలా పడేది, అంతే.

ఈ తొంభై రోజుల గొడవ కొంచెం విడమరిచి చెప్పాలి. ఆయన మా దేశంలో ఉన్నది టూరిస్టు వీసా మీద. తొంభై రోజులకి మించి ఉండకూడదు. అందుకని తొంభయ్యో రోజు బస్సెక్కి సరిహద్దు దాటి, అవతలి ఊళ్లో ఒకటి రెండు రోజులుండి, కొత్త ముద్ర వేయించుకుని తిరిగొచ్చేవాడు. మా మేడకీ ఇలాంటి చిక్కే ఉంది. దానికిచ్చిన అనుమతి టూరిస్టుల బసకే. అందులో ఎవరూ కాపురముండకూడదు. కాబట్టి ఎవరు వెళ్లినా గది పూర్తిగా ఖాళీ కావాలి. నేను గదంతా వెతికి, రిజిస్టర్లో తేదీ వేసి, "ఖాళీ చేశారు, గదిలో ఏమీ లేదు" అని రాసి సంతకం పెట్టాలి. ఏదైనా మిగిలితే సంచిలో వేసి అల్లుడుగారికివ్వాలి. ఆయన పారేస్తాడు.

మొదటి తొంభై రోజులు అయ్యేసరికే ఆయన గదిలో చాలా చేరాయి. గోళెం దొరక్క పెయింటు డబ్బాలో పెట్టిన మొక్క. మెడ వంగిన లైటు. మూడు కళ్లజోళ్లు, అందులో ఒకటి విరిగింది. ఎవరో పారేస్తే తెచ్చి కాళ్లు బిగించుకున్న మడత కుర్చీ. కూరలావిడ ఇచ్చిన దిండు. ఇవన్నీ వీపు మీద సంచిలో పట్టవు. ఆ పొద్దున ఆయన గుమ్మంలో నిలబడి వాటినొకసారి చూసి, "పారెయ్యండి చెల్లెమ్మా, నాకలవాటే" అన్నాడు. ఆ అలవాటే అన్న మాట నాకు నచ్చలేదు.

ఆయన వీధి దాటగానే అన్నీ రెండు పాత దుప్పట్లలో మూట కట్టి మా మంచం కిందికి తోశాను. కుర్చీ మడిచి తలుపు వెనక పెట్టాను. మొక్కని కుళాయి దగ్గర మా మొక్కల్లో కలిపేశాను. తర్వాత వెళ్లి రిజిస్టర్లో, గదిలో ఏమీ లేదు అని రాశాను. అబద్ధమేం కాదు కదా, గదిలో నిజంగానే ఏమీ లేదు. రెండు రోజుల తర్వాత ఆయనొస్తున్నాడని తెలిసి, ఏది ఎక్కడుండేదో గుర్తు తెచ్చుకుంటూ మళ్లీ అన్నీ పేర్చాను. విరిగిన కళ్లజోడు కిటికీ మీద, బోర్లా. దిండు గోడవైపు. మొక్క ఎండ పడేచోట. గదులు సర్దే దాన్ని, నాకది కష్టమా?

ఆయన తలుపు తీసి లోపలికెళ్లి, బయటికొచ్చి తలుపు మీద అంకె చూసుకుని, మళ్లీ లోపలికెళ్లాడు. తర్వాత మంచం మీద కూర్చుండిపోయాడు. "పందొమ్మిదేళ్లలో నేనెక్కడికైనా తిరిగి రావడం ఇదే" అన్నాడు చివరికి. దుమ్ము సరిగ్గా దులపలేదు, చూసుకోండి అన్నాను.

ఆ తర్వాత పద్నాలుగు సార్లు అలాగే చేశాను. మంచం కింద మూటలు పెరిగాయి. మా ఆయన ఆ రెండు రోజులూ కాళ్లు ముడుచుకుని కూర్చుని, "మీ పుట్టింటి సామాను మాత్రం ఇంత రాలేదే" అని సతాయించేవాడు.

మధ్యలో అల్లుడుగారు ఒక ఘనకార్యం చేశాడు. అన్నయ్యగారు బజారుకెళ్లిన సమయంలో గదిలోకొచ్చి, ఆ మొక్కా కుర్చీ లైటూ అన్నీ కలిపి ఫొటో తీసి, స్థానికుల జీవితం చూడండి అని కంప్యూటర్లో పెట్టాడు. ఇక ఆ గదే కావాలని జనం ఎగబడ్డారు. నాకు తల తిరిగింది. ఆ మొక్క పెట్టినవాడు మా ఊరివాడు కాదు. మా ఊరివాళ్లం మెట్ల కింద ఉన్నాం. మమ్మల్ని ఫొటో తీస్తే ఎవరూ రారు. మరి స్థానికులంటే ఎవరు? మా ఆయన్ని అడిగితే, "ఎవర్ని చూపిస్తే జనమొస్తారో వాళ్లే" అన్నాడు. పోనీ అన్నయ్యగారిని అడిగితే ఆయన మొహం ఎర్రబడింది. కోపమనుకున్నాను. తర్వాత చూస్తే లోలోపల మురిసిపోతున్నాడు.

ఈ ఏడు వీసా రూలు మారింది. తొంభై రోజులుండి వెళ్లిన టూరిస్టు ఏడాది దాకా మళ్లీ రాకూడదు. ఆ కబురు ఆయనే పట్టుకొచ్చాడు. మెట్ల మీద కూర్చుని టీ తాగకుండా గ్లాసు పట్టుకునే ఉన్నాడు.

"ఇంకో దారుంది చెల్లెమ్మా. నాలుగేళ్లుగా ఒకే ఇంట్లో ఉంటున్నానని రుజువు చూపిస్తే ఉండిపోవడానికి అనుమతిస్తారు."

"ఉన్నారు కదా, చూపించండి."

"నువ్వొచ్చి చెప్పాలి. నా సామాను నీ మంచం కింద ఉండేదని, నేను ప్రతిసారీ తిరిగి ఈ గదికే వచ్చానని."

"అదెంత పని? చెప్తాను" అన్నాను. అప్పుడు నిజంగానే అదెంత పని అనుకున్నాను. ఆయన మొహం చూడాల్సింది. పందొమ్మిదేళ్లు ఎక్కడా ఆగని మనిషి ఇక్కడ ఆగుతానంటున్నాడు, దానికి నా మాట చాలంటున్నాడు. నాలుగు రోజులు నేల మీద నడవలేదు నేను.

వీసా ఆఫీసు ఊరి అవతల ఉంది. పెద్ద హాలు, వరసగా ఇనప కుర్చీలు, గోడకి ఆగిపోయిన గడియారం. ఒక గంట కూర్చున్నాక పిలిచారు. ఆఫీసరు ఆడమనిషే, నా వయసే ఉంటుంది. మర్యాదస్తురాలు. నాకు కూడా కుర్చీ చూపించింది. బల్ల మీద మా రిజిస్టరు నకలు కాగితాలున్నాయి. వాటిని నావైపు తిప్పింది.

"ఈ రాత మీదేనా?"

"నాదేనండి." ఎంత గుండ్రంగా ఉందో చూడండి అన్నట్టే చెప్పాను కూడా.

"ప్రతి తొంభై రోజులకీ ఖాళీ చేశారు, గదిలో ఏమీ లేదు అని రాసి సంతకం పెట్టారు. పదిహేను సార్లు."

"అవునండి."

"ఇది నిజమా?"

"నిజమేనండి. అంటే... గదిలో లేదు గానీ..." అని నసిగాను.

ఆవిడ కలం కింద పెట్టింది. "చూడమ్మా. మీరు రాసింది నిజమైతే ఈయన పదహారు సార్లు వచ్చిపోయిన టూరిస్టు. నిజం కాకపోతే ఈయన నాలుగేళ్లుగా అక్కడ కాపురమున్నట్టు. కానీ ఆ మేడలో ఎవరూ కాపురముండకూడదు. అప్పుడు నేను మనుషుల్ని పంపి ఇల్లంతా తనిఖీ చేయించాలి. తప్పు రాసిన సంతకం మీది. ఏది రాసుకోమంటారు?"

తనిఖీ అనేసరికి నాకు మా గది గుర్తొచ్చింది. మేడ నక్షాలో మెట్ల కింద గది సామాన్ల గది అని ఉంది. అది నాకు తెలుసు, అల్లుడుగారు చాలాసార్లు గుర్తుచేశాడు. మనుషులొచ్చి తలుపు తీస్తే సామాన్ల గదిలో మా పొయ్యి, మా మంచం, మా బట్టలు. నేనక్కడ కాపురముంటున్నట్టు ఏ కాగితంలోనూ లేదు. ముప్పయ్యేళ్లుగా ఆ మేడలో ఉన్న నాకే రుజువు లేదు. ఈయనకి నేను రుజువు!

"మీరెక్కడుంటారు?" అని కూడా అడిగింది ఆవిడ, మామూలుగానే, కాగితంలో రాసుకోవడానికి.

నేను నోరు తెరిచాను. ఏం చెప్పబోయానో చెప్పమని నన్ను ఎంతమంది అడిగినా నా దగ్గర జవాబు లేదు. మాటిచ్చాను కాబట్టి సామాను సంగతి చెప్పేదాన్నేమో. మా ఆయన ఆపరేషన్ కుట్లు గుర్తొచ్చి, రాసింది నిజమేనండి అనేదాన్నేమో. నేను మంచిదాన్నో కాదో తెలుసుకోవడానికి ఒక్క క్షణం దూరంలో ఉన్నాను. ఆ క్షణం నాకు దక్కలేదు.

"నేను టూరిస్టునేనండి" అన్నాడు అన్నయ్యగారు.

మా భాషలోనే అన్నాడు, ఎక్కడా తొట్రుపడకుండా. ఆఫీసరు ఆయనవైపు తిరిగింది.

"మరి దరఖాస్తులో నివాసం అని ఎందుకు రాశారు?"

"పొరపాటండి. నచ్చిన ఊరు. అప్పుడప్పుడూ వచ్చిపోతుంటాను. ఆవిడ రాసిందంతా నిజమే."

ఆవిడ ఇద్దరినీ కాసేపు చూసింది. ఆవిడకి అంతా అర్థమైందనే నాకనిపించింది. ముద్ర తీసి కాగితం మీద కొట్టింది. ఈ విడత తొంభై రోజుల్లో ఇంక మూడు రోజులే ఉన్నాయని గుర్తుచేసింది. నేనెక్కడుంటానన్న ప్రశ్నకి జవాబు రాసుకోవడం మర్చిపోయింది, లేకపోతే మానేసింది.

బయటికొచ్చాక నేను వెనకబడిపోయాను. ఆయన మాత్రం తేలిగ్గా నడుస్తున్నాడు. దారిలో ఆగి కమలాపళ్లు నొక్కి చూసి రెండు కొన్నాడు, ఒకటి నాకిచ్చాడు. అది చూసి నాకు ఒళ్లు మండిపోయింది.

"ఎందుకలా అన్నారు?"

"నిజమే కదా చెల్లెమ్మా."

"నిజమా? నాలుగేళ్లుగా మెట్ల మీద కూర్చుని వాళ్లని తిట్టిందెవరు?"

"తిట్టినంత మాత్రాన కాకుండా పోతామా?" అన్నాడు, పండు ఒలుస్తూ.

ఇంటికొచ్చి మా ఆయనకి అంతా చెప్పి ఏడ్చాను. మన కోసం ఆయన ఇల్లు వదులుకున్నాడయ్యా అన్నాను. మా ఆయన తల గోక్కుని, "వదులుకున్నాడో, వదిలించుకున్నాడో" అన్నాడు. "ఆగిపోవాల్సి వచ్చేసరికి భయమేసిందేమోనే. పందొమ్మిదేళ్ల నుంచి ఎప్పుడు చిక్కొచ్చినా బస్సెక్కడమే కదా ఆయన చేసింది?" నేను ఆయన మీద కయ్యిమన్నాను. కృతజ్ఞత లేని మనిషివన్నాను. అన్నాక, తేలిగ్గా నడిచిన అన్నయ్యగారి నడక గుర్తొచ్చి నోరు మూసుకున్నాను. నన్ను కాపాడాడా? నన్ను సాకు చేసుకున్నాడా? రెండూ ఒకేసారి జరగకూడదా? బుర్ర బద్దలయ్యేలా ఆలోచించాను. ఏదీ తెగలేదు.

మూడో రోజు పొద్దున అన్నయ్యగారు గది తనే సర్దుకున్నాడు. నేను గుమ్మంలో నిలబడి చూశాను. సంచిలో పట్టినవి పట్టాయి.

"మిగతావి?" అన్నాను.

"నీ దగ్గరుంచు, వచ్చాక తీసుకుంటా" అన్నాడు అలవాటుగా. అని ఆగిపోయాడు.

ఎప్పుడూ బస్టాండుకి తోడెళ్లలేదు నేను. ఆ రోజు వెళ్లాను. రెండో గదిలో పక్క మార్చాల్సి ఉంది, అల్లుడుగారు అరుస్తాడని తెలుసు, అయినా వెళ్లాను. దారంతా ఏవేవో చెప్పాడు, అవతలి వీధిలో కొత్తగా కడుతున్న హోటలు గురించి, కూరలావిడ మోకాళ్ల గురించి. మందుల షాపు ముందు మా ఆయన జనాన్ని నిలబెట్టి కథ చెబుతూ కనిపించాడు. మమ్మల్ని చూసి మాట మధ్యలో ఆపి, "బావగారూ!" అని కేకేశాడు. ఆ గుంపులో ఎవరో వెంటనే మా ఫొటో తీశారు.

టికెట్టు కిటికీ దగ్గర వరస చిన్నదే. ఆయన వంతొచ్చింది. ఎప్పుడూ వెళ్లే సరిహద్దు ఊరికి ఇప్పుడు వెళ్లి లాభం లేదు, అక్కణ్నుంచి వెనక్కి రానివ్వరు. లోపలి మనిషి తలెత్తకుండా "ఎక్కడికి?" అన్నాడు.

ఆయన కిటికీ పైనున్న ఊళ్ల పేర్ల బోర్డు చూస్తూ ఉండిపోయాడు. లోపలి మనిషి ఈసారి తలెత్తి అడిగాడు. వెనకాల ఎవరో గొణిగారు. అప్పుడు ఆయన నావైపు తిరిగాడు. అంతకుముందెప్పుడూ ఆ మొహం చూడలేదు నేను, తప్పిపోయినవాళ్ల మొహం.

"ఎక్కడికి తీసుకోమంటావు చెల్లెమ్మా?"

నాకేం తెలుసు? ఊళ్లు తిరిగిన మనిషాయన. నేను బోర్డు చూశాను. ఊళ్ల పేర్లు పైనుంచి కిందిదాకా వరసగా ఉన్నాయి, ఒక్కటీ నేను చూసింది కాదు. అన్నిటికంటే పైన ఉన్న పేరు చదివాను. ఆయన అదే పేరు లోపలి మనిషికి చెప్పి టికెట్టు తీసుకున్నాడు.

"ఎలా ఉంటుంది ఆ ఊరు?" అని అడిగాడు నన్ను.

"చాలా బాగుంటుంది అన్నయ్యగారూ" అన్నాను.